రైలు మ్యూజియం చూడాలి: చెన్నైకా, మైసూరుకా?

మా వీధిలో పద్దెనిమిది మందిమి విజయవాడ నుంచి ఒక్క రోజు ట్రిప్ అనుకున్నాం. చర్చ ఈ రెండింటి దగ్గరే ఆగింది.

చెన్నై దాదాపు 430 కిలోమీటర్లు. రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. పగలంతా చూసి, మళ్లీ రాత్రి బండికి వెనక్కి. మ్యూజియం రైలు బోగీలు తయారుచేసే ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పక్కనే ఉంది. 1955లో మొదలైన ఈ కర్మాగారంలోనే 2018లో మొదటి వందేభారత్ రైలు తయారైంది. పాత ఆవిరి ఇంజన్లు చూస్తూ ఆ సంగతి చెబితే పిల్లలు ఊరుకోరు, ప్రశ్నలే ప్రశ్నలు. బొమ్మ రైలు కూడా ఉంది. పెద్దవాళ్లూ ఎక్కుతారు, మొహమాటం నటిస్తారంతే.

మైసూరు మ్యూజియం 1979 నాటిది. అక్కడి మహారాణి సెలూన్ బోగీ కోసమైనా వెళ్లాలి, వంటగదితో సహా పట్టాలెక్కిన రాజభవనం అది. నా ఓటు మనసులో దానికే. కానీ దూరం ఎక్కువ, ఒక్క రోజులో తేలదు. మోకాళ్ల నొప్పుల పిన్నిగారు ముందే చేతులెత్తేశారు.

చివరికి చెన్నైకే టికెట్లు తీశాం. ఒక్కో టికెట్‌పై ఆరుగురికే వీలు కాబట్టి మూడు ముక్కలుగా. బెర్తులు ఒకేచోట వస్తాయా అన్నదే ఇప్పుడు టెన్షన్.