ఏజెన్సీ గ్రామాలకు సహాయ సామగ్రి చేర్చే పికప్: కొన్నేళ్ల వాడకం తర్వాత

విశాఖపట్నంలోని మా క్రైస్తవ సేవా సంఘం తరఫున పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల కొండ గ్రామాలకు మందులు, దుప్పట్లు, బియ్యం, బడిపిల్లల పుస్తకాలు చేర్చే బాధ్యత కొన్నేళ్లుగా నాది. దానికి మేము వాడుతున్నది టన్నున్నర మోసే డీజిల్ పికప్. ఇటువంటి బండి కొనాలా, అద్దెకు తీసుకోవాలా అని ఇతర సంఘాల పెద్దలు అడుగుతున్నారు కనుక ఈ సమీక్ష రాస్తున్నాను.

ఘాట్ ఎక్కడంలో ఈ బండికి వంక పెట్టనక్కరలేదు. అసలు పరీక్ష పాడేరు దాటాక, నిండు బరువుతో దిగవలసిన పల్లాల్లో ఎదురవుతుంది. బ్రేకు మీదే కాలు ఉంచి దిగితే లైనర్లు వేడెక్కి మాడు వాసన కొడుతుంది, ఆ తర్వాత పెడల్ ఎంత తొక్కినా పట్టు దొరకదు. అందుకే ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు వాడాలని మా డ్రైవరు పట్టుబడతాడు. కాగితం మీద టన్నున్నర ఉన్నా మేము టన్నుకు మించి వేయము.

నాకు బాగా నచ్చినది మూడు వైపులా తలుపులు దిగే వెనుక తొట్టి. చివరి ఊరి సామాను ముందుగా ఎక్కించాలన్నది అందరూ చెప్పే సూత్రమే గాని, వర్షాకాలంలో గెడ్డ పొంగితే ఊళ్ల వరుసే మారిపోతుంది, అప్పుడు అడుగున ఉన్నది తీయడానికి బండంతా ఖాళీ చేయవలసి వస్తుంది. ఒక్కో ఊరి సామాను పక్కపక్కన నిలువు వరుసలుగా పేరిస్తే ఏ ఊరిదైనా పక్క తలుపు దించి తీసుకోవచ్చు. తొట్టితో ఒక చిక్కు కూడా ఉంది: పైన బరకం ఎంత బిగించి కట్టినా, చక్రాలు చిమ్మే బురద నీరు వెనుక తలుపు కీళ్ల సందుల్లోంచి లోపలికి వచ్చి అడుగు వరుస బస్తాలను తడుపుతుంది. కింద చెక్క పలకలు పరిచాక ఆ బెడద తగ్గింది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండవలసిన ఇన్సులిన్‌ను మాత్రం పెట్టెలో పెట్టి క్యాబిన్‌లోనే ఉంచుతాము. ఐస్ ప్యాక్ నేరుగా తగిలి గడ్డకడితే ఆ మందు పనికిరాదు.

బండి ఆగిన చోట రోడ్డు ఆగుతుందే గాని ఊరు రాదు. రోగులను డోలీలో దించే కాలిబాటలోనే మా సామాను కావడి మీద పైకి వెళ్తుంది. కాబట్టి జ్ఞానాపురం గోదాములోనే బియ్యాన్ని పది, పన్నెండు కిలోల సంచుల్లోకి మార్చి, కావడికి రెండు వైపులా సమంగా తూగేలా జతలు కట్టిస్తాము. ఏ వాహనం కొన్నా ఈ పని తప్పదు.

బీఎస్-6 (కాలుష్య నియంత్రణ ప్రమాణం) ఇంజిన్ గురించి అమ్మేవారు చెప్పని సంగతి ఒకటుంది. ఘాట్‌లో నెమ్మదిగా తిరిగే బండికి పొగ వడపోసే ఫిల్టరు మసితో నిండి డ్యాష్‌బోర్డుపై దీపం వెలుగుతుంది. అనకాపల్లి వైపు హైవే మీద ఒకే వేగంతో కొంతసేపు నడిపితే మసి కాలిపోతుంది. అప్పటికీ దీపం ఆరకపోతే నగరంలోని సర్వీసు కేంద్రమే దిక్కు.

విదేశీ విరాళాలు అందుకునే సంఘాలు లెక్క కూడా చూసుకోవాలి. వాహనాల నడక, నిర్వహణ ఖర్చును విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పరిపాలనా వ్యయంగానే పరిగణిస్తుంది, 2020 సవరణ ఆ వ్యయ పరిమితిని విదేశీ విరాళాల్లో 50 శాతం నుంచి 20కి తగ్గించింది. ఏడాదిలో నాలుగైదు నెలలే పంపిణీ చేసే సంఘానికి అద్దె బండే మేలని నా అభిప్రాయం. నెలనెలా మందులు చేర్చవలసినవారికి మాత్రం సొంత బండి తప్పదు.

కొన్నవారు మొదటి రోజే ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. క్రిస్మస్ దగ్గర పడగానే గాయక బృందాన్ని వెనుక ఎక్కించుకోమని, సభకు షామియానా, మైకు సెట్టు వేసుకోమని ఒత్తిడి వస్తుంది. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం. షామియానా ఎక్కితే ఆ మేరకు దుప్పట్లు గోదాములో ఉండిపోతాయి, కొండ మీద చలి ఎక్కువగా ఉండే నెల అదే. మా కమిటీ ఈ రెండూ కుదరవని తీర్మానం రాసుకుంది, దాని నకలు డ్రైవరు దగ్గర ఉంటుంది.