ఒల్లామా + ఎనీథింగ్‌ఎల్ఎల్ఎమ్: నెట్ లేకుండా రీసెర్చ్ ఫైళ్ళు వెతుక్కునే సెటప్, నా రివ్యూ

నా థీసిస్ మెటీరియల్ ఎక్కువ హైదరాబాద్‌లో బోరబండ, రహమత్‌నగర్ వైపు ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ ఇంటర్వ్యూలు, ఇంకా సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీలో ఫోన్‌తో తీసుకున్న పేజీలు, పాత తెలుగు పీడీఎఫ్‌లు. ఇంటర్వ్యూల్లో అప్పులు, మొగుడి తాగుడు, ఓనర్ల సంగతులు అన్నీ ఉంటయ్, పేరు బయటికి రాదని మాటిచ్చి రికార్డ్ చేసినవి, వాటిని ఎవరిదో సర్వర్‌లో పడేసి సమ్మరీ ఇవ్వమనడం నావల్ల కాదు. అందుకే ఈ సెటప్.

ఒల్లామా ఏఐ మోడల్‌ని మన లాప్‌టాప్‌లోనే నడిపిస్తది, ఎనీథింగ్‌ఎల్ఎల్ఎమ్ ఫైళ్ళ సంగతి చూసుకుంటది, రెండూ ఫ్రీ, ఓపెన్ సోర్స్. నేను పెట్టిన మోడల్ గూగుల్ వాళ్ళ జెమ్మా 3లో 4బి అనే చిన్న సైజు, డౌన్‌లోడ్ 3 జీబీ పైచిలుకు. 8 జీబీ ర్యామ్‌తో లాగొచ్చు గానీ పక్కన క్రోమ్ తెరిచారంటే ఇక అంతే, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయి 16 చేయించుకోండి. గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే జవాబు మెల్లగా వస్తది, ఓపిక ఉండాలి. సెటింగ్స్‌లో టెలిమెట్రీ, అంటే మన వాడకం వివరాలు తయారుచేసినోళ్ళకి పంపేది, ఆపేసి, వైఫై కూడా ఆపి అడిగి చూడండి, అప్పుడే నమ్మకం కుదురుతది.

అసలు తంటా తెలుగుతోనే. ఎనీథింగ్‌ఎల్ఎల్ఎమ్‌లో ముందే వచ్చే ఎంబెడర్ (అర్థాన్ని బట్టి పేరాలు వెతికి పెట్టే భాగం) ఇంగ్లీష్‌కి చేసింది, తెలుగులో అడిగితే సంబంధం లేని పేజీలు తెచ్చి పెడతది. ఒల్లామాలోంచి బీజీఈ-ఎం3 అనే ఎంబెడర్ దించుకుని అది పెట్టండి, వందకు పైగా భాషలకి పనికొస్తది, కాకపోతే ఫైళ్ళన్నీ మళ్ళీ ఎక్కించాలి. మార్చినాక నేను వడ్డీ గురించి అడిగితే ఒకామె "జీతంల సగం మిత్తికే పోతది" అన్న పేరా పైకి తెచ్చింది, మిత్తి అన్నా వడ్డీయే, మామూలు కంట్రోల్ ఎఫ్‌కి అది ఎన్నటికీ దొరకదు!

ఇంకోటి, అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పాత పీడీఎఫ్‌లు. స్క్రీన్ మీద చక్కటి తెలుగే కనిపిస్తది, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు, ఏఐ చదివేది ఆ గీతలనే. పేజీల్ని ఇమేజ్‌లుగా మార్చి టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పెట్టి ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు తీయడం) చేసుకోవాలి, ఒత్తుల దగ్గర తప్పులొస్తయ్, దిద్దుకోక తప్పదు. విసుగు పనే, ఇది చెయ్యకపోతే మిగతాదంతా దండగ.

వెతకడానికి మాత్రం సూపర్, జవాబు కింద ఏ ఫైల్‌లోంచి తీసిందో ఆ ముక్క చూపిస్తది, నేను నేరుగా అదే చదువుతా. సమ్మరీల జోలికి పోను. ఇద్దరు చెప్పింది కలిపేసి ఒకరే అన్నట్టు రాసేయడం చిన్న మోడల్స్ అన్నిటికీ ఉన్న రోగం, థీసిస్‌లో అట్లాంటిది దూరితే గైడ్ ముందు మన పని అయిపోయినట్టే. పుస్తకాల లిస్టుకి జొటేరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌నే ఉంచుకున్నా, దాని ఆన్‌లైన్ సింక్ ఆన్ చెయ్యలే.

ఇంత చేసి ఫైళ్ళు విండోస్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో పెట్టి, అది వన్‌డ్రైవ్‌కి బ్యాకప్ అవుతా ఉంటే ఏం లాభం, ముందు అది ఆపండి. డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ కూడా పెట్టుకోండి, లాప్‌టాప్ సిటీ బస్సులో పోతే అప్పుడు తెలుస్తది.