గాలం నాది, చేప గైడుది

సుంకేసుల ఎగువన తుంగభద్రలో చేపలు పట్టించే ట్రిప్పులకి మూడేళ్ళుగా వెళ్తున్నాను. ఏటా శివరాత్రి దాటాక మొదలుపెట్టి ఉగాదిలోపు నాలుగైదుసార్లు. కె.సి. (కర్నూలు-కడప) కాలువ మొదలయ్యే చోటే కాబట్టి కర్నూలు వాళ్ళకి దారి చెప్పనక్కరలేదు. మొదటి ఏడు తిరిగొచ్చి "ఒక్కసారి కూడా ఖాళీ చేతులతో రాలేదు" అని కనబడినవాళ్ళందరికీ చెప్పాను. అబద్ధం కాదు. కానీ వాటిలో నువ్వు పట్టినవి ఎన్ని అని ఎవరైనా అడిగుంటే నీళ్ళు నమిలేవాణ్ణి.

బెండు కాస్త కదిలితే చాలు, గైడు కుర్రాడి చెయ్యి నా రాడ్ మీదుంటుంది. "వదలండి సార్, వదలండి" అంటూ తనే గుంజుతాడు. చేప తగులుకున్నాక రాడ్ నా చేతికిచ్చి "ఇప్పుడు తిప్పండి" అంటాడు. అక్షరాభ్యాసం నాడు పంతులుగారు పిల్లాడి వేలు పట్టుకుని దిద్దించినట్టే. తర్వాత ఫోటో.

వాడికి పని రాదని కాదు. బండల పక్కన నీటి మీద ఒక్క బుడగ లేస్తే "కొర్రమీను ఊపిరికి పైకొచ్చింది సార్" అని చూపిస్తాడు. నాకిప్పటికీ ఆ బుడగ కనబడదు.

పోయినేడు మార్చిలో ఒక వాలుగ పడింది. ఎంత బరువో చెప్పలేను, చూళ్ళేదు కదా. రాడ్ వంగిన తీరు చూసి గుండె ఝల్లుమంది. అంత చేప పడితే రీలు బ్రేకు కొంచెం వదులు చేసి దాన్ని పరుగెత్తనివ్వాలి, అలిసిపోయాక చుట్టుకోవాలి. వాడు ఎప్పటిలాగే రాడ్ లాక్కుని బ్రేకు బిగించేశాడు. చేప బండ కిందికి దూరింది. టప్‌మని తెగింది. "లైను పాతది సార్" అన్నాడు. కొని పది రోజులు కాలేదు! ఆ రోజు తెచ్చుకున్న ఉగ్గాణి కూడా తినలేదు నేను.

ఆ తర్వాతి వారం వాడు ఎవరిదో పెళ్ళికి పోయాడు. పుట్టి (బుట్టలాంటి గుండ్రటి పడవ) తోలే పెద్దాయన ఒక్కడే వచ్చాడు. పుట్టి సంగతి తెలిసిందే, గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, నా బెండు ఒకసారి రాజోలి వైపు, ఒకసారి మన గట్టు వైపు. ఆయన ఒంటి తెడ్డుతో దాన్ని నిలబెట్టి, బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. బెండు ఊగింది. నేను గుంజాను. ఉత్త గాలం. మళ్ళీ ఊగింది, మళ్ళీ ఉత్తదే. మూడోసారీ అంతే. ప్రతిసారీ కొత్త ఎర్రని గుచ్చి ఇచ్చాడు తప్ప ఒక్క మాట అనలేదు. నాలుగోసారి మాత్రం నీళ్ళలోకి చూస్తూ, "ఊరికే ఉండప్పా. అది రుచి చూస్తాండాది. మింగనీ" అన్నాడు.

ఉన్నాను. బెండు పూర్తిగా మునిగాక లాగాను. జానెడు జెల్ల! పుట్టిలో పడి గుర్రుమంటోంది. సంబరంగా పట్టుకోబోతే పెద్దాయన నా మణికట్టు పట్టేశాడు. రెక్కల దగ్గర ముళ్ళుంటాయి, గుచ్చుకుంటే సాయంత్రం దాకా ఏడుస్తావని చెప్పి, తుండుగుడ్డతో ఎలా పట్టుకోవాలో చూపించాడు. పొద్దుటి నుంచి ఆయన నన్ను తాకింది ఆ ఒక్కసారే. రాడ్‌ని అసలు తాకలేదు. (ఇంటికి తెస్తే మా ఆవిడ "ఇంతేనా?" అంది. పులుసుకు చాల్లేదు.)

అలాగని అందరూ ఆయనతోనే వెళ్ళమని చెప్పను. అంతసేపు కూర్చుంటే ఒకే చేప. పది దాటితే ఎండకు తల మాడుతుంది. గైడు లైఫ్ జాకెట్ వేసుకునేదాకా పుట్టి ఎక్కనివ్వడు, పెద్దాయనకి ఆ పట్టింపు లేదు. నాకు ఈత వచ్చు కాబట్టి సరిపోయింది, రానివాళ్ళు జాకెట్ అడిగి తీసుకోండి. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళకి, ఒక్క ఆదివారమే దొరికేవాళ్ళకి ఆ కుర్రాడే మేలు, ఫోటో గ్యారంటీ. నేను తెల్లారేసరికి సుంకేసులలో ఉండగలను, చేప పడకపోయినా అడిగేవాళ్ళు లేరు.

ఈ ఏడు ఫోన్ చేసి పెద్దాయన పుట్టే కావాలన్నాను. గైడు కాసేపు ఆలోచించి, "ఆయనకి ఫోటోలు తీయడం రాదు సార్" అన్నాడు.