జాగ్రత్త: "లీటరు 135" అన్న చీటీ చూసి నూనె ప్యాకెట్లు బుట్టలో వేసుకునేవాళ్లకి

నెల్లూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ నెల సరుకులు సూపర్ మార్కెట్లో తెచ్చుకునేవాళ్లందరికీ చెబుతున్నా. నూనె ప్యాకెట్ బుట్టలో వేసే ముందు తిప్పి, వెనక చిన్నక్షరాల్లో ఉన్న గ్రాములు చదవండి. ర్యాక్‌కి అంటించిన చీటీని నమ్మొద్దు. బిల్లు మీద పడే పేరునీ నమ్మొద్దు. రెండూ అబద్ధం చెప్పగలవని మాకు సంక్రాంతి ముందు తెలిసింది.

షాపు పేరు రాయను. ఆ ఒక్క షాపుతో పోయే సంగతి కాదిది. ఊళ్లో పెద్దదే, పండగ సామానుకి సగం ఊరు అక్కడే ఉంటుంది. సన్‌ఫ్లవర్ నూనె ర్యాక్ దగ్గర పసుపు చీటీ పెట్టారు: "1 లీ. పౌచ్, ఎమ్మార్పీ 190, మా ధర 135". పక్కనే మేం ఎప్పుడూ కొనే రకం లీటరు 155కి ఉంది. ప్యాకెట్ ఎత్తూ వెడల్పూ రెండూ ఒకటే. అరిసెలకని అయిదు తీసుకున్నాం. బిల్లులోనూ "సన్‌ఫ్లవర్ ఆయిల్ 1లీ" అనే పడింది. అడుగున "మీరు ఆదా చేసిన మొత్తం" అని వేస్తారే, అందులో 275 రూపాయలు ఈ నూనె వాటానే.

మా ఇంట్లో నూనె పోసుకునే స్టీలు డబ్బా ఉంది. అయిదు లీటరు ప్యాకెట్లు పోస్తే మెడ దాకా వస్తుంది. మా అత్తయ్య అయిదూ కత్తిరించి పోసి, డబ్బాలోకి తొంగి చూసి, "ఇంకోటి యాడ పెట్టావమ్మా?" అంది. ఇంకోటి లేదు. ఖాళీ కవరు తిప్పితే వెనక మడత దగ్గర, సన్నగా: నికర బరువు 750 గ్రాములు, 824 మి.లీ.

లీటరు సన్‌ఫ్లవర్ నూనె బరువు దాదాపు 910 గ్రాములు ఉంటుంది. అంటే ప్యాకెట్‌కి 160 గ్రాములు తక్కువ, అయిదింటికి కలిపి 800 గ్రాములు. ఇప్పుడు కేజీ లెక్క చూడండి. 135ని 750తో భాగించి వెయ్యితో హెచ్చిస్తే కేజీ 180 రూపాయలు. మేం వదిలేసి వచ్చిన 155 ప్యాకెట్ ఇదే లెక్కన కేజీ 170 పైన కొంచెం. చవకని తెచ్చుకున్నదే కేజీకి దాదాపు పది రూపాయలు ఎక్కువ పడింది. ఆదా అని బిల్లులో వేసిన 275 రూపాయలు ఎక్కడివో నాకైతే అర్థం కాలేదు.

బిల్లూ, ఖాళీ కవర్లూ పట్టుకుని వెళ్లాం. అత్తయ్య కూడా వచ్చింది, నేను వద్దన్నా వచ్చేది. మేనేజరు కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "ప్యాకెట్ మీద బరువు కరెక్టుగానే వేశారు కదా మేడమ్" అన్నాడు. మరి చీటీ మీద లీటరని ఎందుకుంది అంటే, "అది హెడ్డాఫీసు నుంచి సిస్టమ్‌లో వస్తుంది, మా చేతిలో లేదు" అన్నాడు. అత్తయ్య ఊరుకోలేదు. "ఏం నాయనా, లీటరని రాసి ముప్పాతిక కేజీ ఇస్తే మీ హెడ్డాఫీసులో దాన్నేమంటారు?" అని అడిగింది. వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఒకాయన మాత్రం నవ్వకుండా తన బుట్టలోని ప్యాకెట్ తీసి తిప్పి చూసుకున్నాడు. మొదట కూపన్ ఇస్తామన్నారు, మళ్లీ అక్కడే కొనాలట. డబ్బులే కావాలన్నాం. తేడా లెక్కగట్టి ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 750 గ్రాముల ప్యాకెట్ తయారుచెయ్యడం నేరం కాదు. ఒకప్పుడు నూనె, టీ పొడి, బిస్కెట్లు, సబ్బులు, పిండి లాంటి సరుకుల్ని ఫలానా బరువుల్లోనే ప్యాక్ చెయ్యాలని రూలుండేది. 2021 నవంబరులో కేంద్రం ఆ ప్యాకేజీ నిబంధనలు సవరించి ఆ పట్టిక తీసేసింది. దాంతో ఎవరికి తోచిన బరువులో వాళ్లు అమ్ముకోవచ్చు. కంపెనీకి ఖర్చు పెరిగిందనుకోండి, ధర పెంచితే మనం గొణుగుతాం, వేరే రకానికి మారతాం. బరువు తగ్గిస్తే చాలామందికి తెలియనే తెలియదు. కవరు సైజు మార్చరు, రంగు మార్చరు, బొమ్మ మార్చరు. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్, పది రూపాయల చిప్స్ ఎన్నేళ్లయినా అదే ధరకి దొరుకుతున్నాయంటే రహస్యం ఇదే. చిప్స్ సంగతి పోనీ. నూనె రోజూ పొయ్యి మీదకి ఎక్కేది కాబట్టి నాకు ఒళ్లు మండింది.

మేం కొన్నదాంట్లో తప్పు తక్కువ బరువు ప్యాకెట్‌కి లీటరని చీటీ వెయ్యడం, అదే పేరుతో బిల్లు కొట్టడం. అది షాపు చేసిన పని.

బరువు రూలు తీసేసినందుకు బదులుగా, గ్రాముకి ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వెయ్యాలని అదే సవరణలో పెట్టారు. మంచిదే. కానీ కేజీలోపు ప్యాకెట్లకి దాన్ని గ్రాము లెక్కనే వేస్తారు, అదీ ఎమ్మార్పీ మీద. 190 రూపాయల ఎమ్మార్పీ, 750 గ్రాములంటే "గ్రాముకు 0.25". దాని పక్కన 200 ఎమ్మార్పీ ఉన్న 910 గ్రాముల ప్యాకెట్ మీద "గ్రాముకు 0.22". మూడు పైసలే కదా అనిపిస్తుంది. ఆ మూడు పైసలే కేజీకి ముప్పై రూపాయలు. పైగా షాపులో అమ్మేది ఎమ్మార్పీకి కాదు కాబట్టి ఆ అంకెతో మనకొచ్చే లాభం సగమే. చీటీ మీది ధరని గ్రాములతో భాగించుకోవడమే దారి, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉండనే ఉంది.

నూనె విషయంలో ఇంతకు ముందు ఇంకో కత నడిచింది. కొన్ని కంపెనీలు "60 డిగ్రీల దగ్గర 1 లీటరు" అని వేసేవి. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది, కాబట్టి అదే లీటరులో బరువు తగ్గుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. మన రోహిణి కార్తె ఎండల్లో కూడా వంటింట్లో నూనె 60 డిగ్రీలకు రాదు కదా! 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల శాఖ కల్పించుకుని, ఆ ఉష్ణోగ్రత మాట తీసేసి పరిమాణం, బరువు రెండూ సరిగా వెయ్యమంది, 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. మీ అటకమీద పాత డబ్బా ఏదైనా ఉంటే చూడండి, ఆ డిగ్రీల అంకె కనపడొచ్చు.

ధర సంగతికొస్తే, నూనె మనకి పాతిక కిలోమీటర్ల దూరంలోనే దిగుతోంది. కృష్ణపట్నం రేవులో ఓడల్లో ముడి నూనె వస్తుంది, ముత్తుకూరు మండలం పంటపాళెం దగ్గర ఫ్యాక్టరీల్లో శుద్ధి అవుతుంది. పక్కనే తయారవుతోంది కదా, మనకి కాస్త చవగ్గా రావాలి అని మా ఆయన వాదన. రాదు. సన్‌ఫ్లవర్ ముడి నూనె ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి వస్తుంది, పామాయిల్ ఇండోనేసియా, మలేసియాల నుంచి. అక్కడి ధర, ఢిల్లీలో వేసే సుంకం, మధ్యలో కంపెనీ లాభం, ఇవన్నీ కలిసి మన ప్యాకెట్ ధర. 2024 సెప్టెంబరు 14న ముడి నూనెల మీద మొత్తం దిగుమతి సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. తక్కువ సుంకంతో తెచ్చిన పాత సరుకు అయిపోయేదాకా ధర పెంచొద్దని ప్రభుత్వం కంపెనీలకు చెప్పింది కూడా. మా వీధిలో మాత్రం ధర పెరగడానికి పాత సరుకు అయిపోవడం దాకా ఆగలేదు. 2025 మే నెలాఖరులో అదే సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించారు. పెరిగినప్పుడు పరిగెత్తిన ధర తగ్గేటప్పుడు నత్తలా నడిచింది. పెద్ద కంపెనీల మీద నాకున్న కోపమంతా ఆ నడకల తేడా మీదే.

మా వీధి చివర అంగడాయన్ని అడిగాను, ఈ 750 గ్రాముల ప్యాకెట్ నీ దగ్గర లేదేమని. "నాకూ తెచ్చారమ్మా, తీసుకోలేదు. మీరంతా రోజూ కనపడే మనుషులు, మొహం మీదే అడుగుతారు" అన్నాడు. ఆయన దగ్గర రెండు మూడు రూపాయలు ఎక్కువే. తనకి డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే రేటు కంటే సూపర్ మార్కెట్ ఆఫర్ ధర తక్కువగా ఉన్నప్పుడు, ఆయనే వెళ్లి అక్కడ కొనుక్కొచ్చి ఇక్కడ అమ్ముతాడట. వినడానికి నవ్వొస్తుంది గానీ అలా ఎన్నాళ్లు నిలబడతాడో తెలీదు. ఆయన అంగడి మూసేస్తే నెలాఖర్లో ఖాతా రాసుకుని సరుకిచ్చేవాళ్లు మా వీధికి ఎవరూ ఉండరు.

బియ్యం బస్తాల దగ్గర కూడా ఇలాంటిదే ఉంది. 2022 జులై 18 నుంచి 25 కేజీల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ తర్వాతే మిల్లుల నుంచి 26 కేజీల బస్తాలు దిగాయి. పన్ను తప్పింది, సంతోషమే. అయితే ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, ప్యాక్ చేసిన నెల వెయ్యాలన్న నిబంధనల్లో కూడా 25 కేజీలు దాటిన వాటికి మినహాయింపు ఉంది. ఆ సందులోంచి ధర లేని బస్తాలు, తేదీ లేని బస్తాలు వచ్చేశాయి. ఏడాది పాతవంటారు, వండితే అన్నం ముద్దవుతుంది. సంచి మీద మొలగొలుకులని ఉంటుంది, లోపల ఏ రకమో వండితే గానీ తేలదు. కావలిలో మా ఆడబిడ్డ వాళ్లు తెచ్చిన 26 కేజీల బస్తాని కాటా మీద పెడితే సంచితో కలిపి పాతిక కూడా తూగలేదు. అమ్మినాయన "మిల్లులో అట్టా వచ్చింది" అన్నాడు. ఎవరిని అడిగినా తప్పు ఇంకెక్కడో జరిగి ఉంటుంది! బస్తా ఎంత పెద్దదైనా, చెప్పిన బరువు తూగాల్సిందే. అంగట్లోనే కాటా పెట్టించుకోండి. కాటా లేదంటే ఆ బస్తా వద్దు. ధరని బస్తా లెక్కన కాకుండా కేజీ లెక్కన అడగండి, 25 కేజీలదీ 26 కేజీలదీ పక్కపక్కనే పెట్టి మాట్లాడేవాళ్లు ఎక్కువ.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. నూనె మీద ముందూ 5 శాతమే, ఇప్పుడూ అంతే. కాబట్టి "జీఎస్టీ తగ్గింపు ఆఫర్" అని నూనె దగ్గర ఎవరైనా బోర్డు పెడితే అది ఉత్తదే. అన్నట్టు, బిల్లు వెయ్యాలంటే ఫోన్ నంబరు చెప్పి తీరాలని కౌంటర్లో పట్టుబడతారు చూడండి, చెప్పక్కర్లేదు.

ఫిర్యాదు ఎలా అని చాలామంది అడుగుతారు కాబట్టి మేం చేసింది చెబుతా. డబ్బులు తిరిగొచ్చినా ఊరుకోకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. బిల్లు ఫొటో, కవరు ఫొటో, చీటీ ఫొటో అడిగారు. చీటీ ఫొటో ముఖ్యం, దాన్ని రాత్రికి రాత్రి పీకేస్తారు. మా ఆయన మేనేజరుతో మాట్లాడుతుంటే నేను వెళ్లి తీసుకొచ్చాను, అందుకే మా మాట నిలిచింది. తూకం, లేబుల్ తప్పులైతే జిల్లాలో తూనికలు కొలతల శాఖ ఉంది, వాళ్లకి రాసివ్వొచ్చు. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మనవాళ్లకి నెల్లూరులో, ప్రకాశం జిల్లా వైపు వాళ్లకి ఒంగోలులో ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే వెయ్యొచ్చు, అయిదు లక్షల లోపు విషయానికి ఫీజు లేదు, రెండేళ్ల దాకా గడువుంది. నూనె ప్యాకెట్ కోసం కమిషన్ దాకా ఎవరు పోతారంటారా? ఎవరూ పోరనే ధైర్యంతోనే ఇవి నడుస్తున్నాయి.

హెల్ప్‌లైన్ ద్వారా షాపు వాళ్ల నుంచి జవాబు వచ్చింది: సిస్టమ్‌లో పొరపాటు, సరిచేశాం అని. వెళ్లి చూశాను. చీటీ మార్చిన మాట నిజమే. "1 లీ." తీసేసి "1 పౌచ్, 135" అని పెట్టారు. గ్రాములు మాత్రం వెయ్యలేదు. బిల్లులో పేరు ఇంకా పాతదే, పక్కింటి వాళ్ల బిల్లు చూసి చెబుతున్నా. పండగకి ఇట్టాంటి ప్యాకెట్లు తెచ్చుకున్నవాళ్లు బిల్లు పారెయ్యకుండా ఉంటే, కవరు కూడా పట్టుకెళ్లి తేడా అడగండి. మాకిచ్చారు, మీకూ ఇవ్వాలి.