పాడేరు దారిలో కొన్న పావుకిలో కాఫీ పొడి

విజయనగరంలో 22 ఏళ్లుగా టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదటి డికాషన్ దిగే వేళకు ఫిల్టర్ పక్కన నేనే ఉంటాను. అందుకే ఎవరు ఏ పొడి గొప్పదని చెప్పినా తాగి చూడనిదే నమ్మను. పోయిన డిసెంబరులో పాడేరు నుంచి చింతపల్లి వెళ్లే దారిలో కొన్న పొడి గురించి మాత్రం నలుగురికీ చెప్పాలనిపించింది.

దుకాణానికి పేరు లేదు. రేకుల కప్పు కింద ఒక బల్ల, ఒక తూకం, 'మా తోట కాఫీ పొడి అమ్మబడును' అని సుద్దతో రాసిన పలక. నడిపేది ఆదివాసీ రైతు దంపతులు. రెండెకరాల తోట. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు.

"చికోరీ ఎంత కలిపారమ్మా?" అని అడిగాను.

"మాకు చికోరీ ఎక్కడిది బాబూ, మా కొండ మీద పండదు కదా" అన్నారావిడ.

చికోరీ అంటే కాఫీలో కలిపే ఒక వేరు పొడి. దాన్ని కలపడం నేరం కాదు. పొట్లం మీద శాతం అచ్చు వేసి 49 దాకా కలుపుకోవచ్చు. నాకు పొడి వేసే వ్యాపారి ఒకాయన 20 శాతమని చెప్పి చాలా ఎక్కువే కలిపి ఇచ్చేవాడు. గ్లాసుడు చన్నీళ్లలో చిటికెడు వేసి చూస్తే కాఫీ తేలుతుంది, చికోరీ గోధుమరంగు చారలు వదులుతూ మునిగిపోతుంది. ఈ పొడిని ఇంటికి రాగానే అలాగే పరీక్షించాను. అంతా పైనే తేలింది.

రుచి సంగతి. డికాషన్ నల్లగా ఉండదు, తేనె ముదిరిన రంగులో దిగుతుంది. మొదటి గుక్కలో సన్నటి పులుపు, మింగాక నాలుక మీద తీపి. వగరు లేదు. చిక్కటి పాలకు మామూలు కంటే ఒక చెంచా ఎక్కువ పడుతుంది. పావుకిలో 300 రూపాయలు తీసుకున్నారు.

వగరు ఎందుకు లేదో తోటలోకి వెళ్లాక తెలిసింది. ఆవిడ ఒక పండు నా చేతిలో పెట్టి నొక్కమన్నారు. ఎర్రటి తోలు చిట్లి రెండు గింజలు జారాయి, వేళ్లకు జిగురంటుకుంది. ఆ జిగురు తియ్యగా ఉంది. పక్కనే పచ్చికాయను నొక్కితే తోలే ఊడలేదు. కిలో లెక్కన కూలి ఇస్తే ఎవరి చెయ్యి అయినా పరుగెడుతుంది. కొమ్మ మొదట పట్టి చివరిదాకా దూసేస్తే ఎరుపూ పచ్చా ఒకే బుట్టలో పడతాయి. ఆ పచ్చికాయల వగరే మన గ్లాసులోకి వస్తుంది. వీళ్లు రోజుకూలి ఇస్తారు. పండినవే ఏరి కోయమంటారు, అదే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్తారు. కూలి పుస్తకం కూడా చూపించారు. తేదీ, పేరు, ఇచ్చిన సొమ్ము, ఎదురుగా సంతకమో వేలిముద్రో. ఆడవాళ్ల కూలీ మగవాళ్ల కూలీ ఒకటే. ఏ పేజీలోనూ బాకీ కనబడలేదు.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. ఆరు కిలోల పండ్లు ఒలిచి, కడిగి, ఎండబెడితే కిలో గింజలు వస్తాయి. వేయిస్తే అందులో ఐదో వంతు దాకా తరుగు. అంటే నా పావుకిలో పొట్లంలో దాదాపు రెండు కిలోల పండ్లున్నాయి. ఇంచుమించు వెయ్యి పండ్లు, ఒక్కొక్కటీ ఎవరో వేళ్లతో తెంపినవే.

తోట పంటలో ఎక్కువ భాగాన్ని వీళ్లు పార్చ్‌మెంట్‌గా, అంటే లోపలి పొట్టు తీయకుండా ఎండబెట్టిన గింజగా, గిరిజన సహకార సంస్థకే ఇస్తారు. పొడి కొట్టి అమ్మేది కొంచెమే. పంట రాకముందే సంతలో అప్పిచ్చి, ఆ అప్పు కింద సరుకు అగ్గువకు పట్టుకుపోయే దళారుల బాధ ఈ కొండలకు పాతదే. 1956లో ఆ సంస్థను పెట్టిందే అందుకు. 2019లో ఈ కొండల్లో పండే అరకు లోయ అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అంటే ఇక్కడ పండినదానికే ఆ పేరు చెల్లుతుంది. సంతోషమే. కానీ మార్కెట్లో నేను చూసిన పొట్లాల మీద 'అరకు' అని పెద్దక్షరాలు ఉంటాయి తప్ప తోట ఏ ఊరిదో ఉండదు, పండు కోసిన మనిషికి ఎంత ముట్టిందో అసలే ఉండదు. పొడి కొనేవాళ్లం మనమైనా అడగాలి.

లోపాలూ చెబుతాను. ఇనుప మూకుడులో కట్టెల పొయ్యి మీద వేయిస్తారు కాబట్టి గింజలన్నీ ఒక్కలా వేగలేదు. కొన్ని మాడాయి. పొడి మరీ మెత్తన, డికాషన్ దిగడానికి అరగంట పట్టింది. పొట్లం మీద వేయించిన తేదీ లేదు, కవరు పలచన. వీటికంటే నన్ను బాధపెట్టింది మరొకటి. పండ్ల బస్తాలను వాలు మీదుగా దారి దాకా ఆడవాళ్లే నెత్తిన మోసుకొస్తున్నారు, కొందరికి కాళ్లకు చెప్పులైనా లేవు. ఆవిడతో ఆ మాటే అన్నాను. "ఈసారి మిరియాల డబ్బు రాగానే అందరికీ కొంటాం" అన్నారు.

హోటల్‌కు నెలకు ఐదు కిలోలు చెప్పాను. కాస్త బరకగా ఆడించమన్నాను, తేదీ పెన్నుతోనైనా రాయమన్నాను. మొదటి పార్సిల్ మొన్న బుధవారం ఆర్టీసీ బస్సులో వచ్చింది. తేదీ రాసి ఉంది. డికాషన్ పది నిమిషాల్లో దిగింది.