పంటి గార తీయడానికి చేతి పనిముట్లా, యంత్రమా: ఏది మేలు?

మా కింది సంవత్సరం విద్యార్థులు క్లినిక్‌లో అడుగుపెట్టిన మొదటి వారం నుంచీ అడిగేది ఒకటే ప్రశ్న. గారను కంపనంతో రాల్చే అల్ట్రాసోనిక్ స్కేలర్ యంత్రం కుర్చీ పక్కనే ఉండగా, మణికట్టు నొప్పి పుట్టేలా కొడవలి మొనలాంటి సికిల్ స్కేలర్లూ, చిగురు కిందికి దిగే గుండ్రటి కొన క్యూరెట్లూ పట్టుకుని గంటల తరబడి గీకడం ఎందుకని. డెంటల్ హైజీన్ డిప్లొమాలో నాకిది రెండో ఏడు, అంటే ఆఖరి ఏడు. భీమవరం ప్రాంతంలోని మా క్లినిక్‌లోనూ, నరసాపురంలో పంటు ఎక్కి అవతలి ఒడ్డున దిగి వెళ్ళిన లంక గ్రామాల శిబిరాల్లోనూ రెండింటినీ వాడాను కనుక, నాకు తోచినది చెబుతాను. (పంటు దాటి పంటి పనికి వెళ్తున్నామని మాలో మేము నవ్వుకునేవాళ్ళం.)

యంత్రానికి దక్కవలసిన గౌరవం ముందు దక్కాలి. మా దగ్గరున్న పైజో రకంలో (విద్యుత్తుతో స్ఫటికాన్ని కంపింపజేసే రకం) కొన సెకనుకు 25,000 నుంచి 50,000 సార్లు కంపిస్తుంది. దాని మీదుగా పారే నీరు వేడిని చల్లార్చడమే కాక, గార రేణువులను, పాచిని కడిగివేస్తుంది. లాలాజలం ఊరే చోటు కాబట్టి కింది ముందు పళ్ళ లోపలివైపు గార గోడ కట్టినట్టు పేరుకుంటుంది. లంక పొగాకు చుట్టలు ఏళ్ళ తరబడి కాల్చిన వారిలోనైతే దాని మీద నల్లటి పూత కూడా ఉంటుంది. అటువంటి నోటిని చేతి పనిముట్లతో మొదలుపెడితే విద్యార్థి చేతికి పూట పట్టే పని, యంత్రంతో అందులో సగం కూడా పట్టదు. చిగుళ్ళు మానే తీరులో రెండింటి ఫలితమూ దాదాపు సమానమేనని, సమయం మాత్రం యంత్రానికే తక్కువని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. ఇంతవరకూ నాకు పేచీ లేదు.

అయితే ఆ ఫలితాలు రెండింటిలోనూ చేయి తిరిగిన వారివి. మన ప్రశ్న నేర్చుకుంటున్న చేతిని గురించి. చిగురు పైన ఉన్న గార కంటికి కనిపిస్తుంది. చిగురు కింద వేరును పట్టుకుని ఉన్న ముదురు రంగు గార కనిపించదు, వేలికి తగలాలి. క్యూరెట్ అంచును చిగురు లోపలికి దించి, పంటి ఉపరితలానికి 45 డిగ్రీలకు మించి 90 డిగ్రీలకు లోపుగా తిప్పి పైకి లాగినప్పుడు, అది గరుకుగా ఉందో, గచ్చులా నున్నగా ఉందో పిడి గుండా వేలి కొసకు తెలిసిపోతుంది. యంత్రం పిడి తనంతట తానే వణుకుతూ ఉంటుంది గనుక, ఆ వణుకులో ఈ గరుకుదనం చాలావరకు కలిసిపోతుంది. నేను దీన్ని సిగ్గుపడి నేర్చుకున్నాను. మొదటి ఏడాది చివర్లో ఒక రోగికి యంత్రంతోనే పని ముగించి, పళ్ళన్నీ తళతళలాడుతున్నాయని మురిసిపోతూ మా పర్యవేక్షక వైద్యురాలిని పిలిచాను. ఆవిడ ఎక్స్‌ప్లోరర్‌ను (తడిమి చూసే సన్నటి మొన పనిముట్టును) కింది దవడపన్ను వెనుకవైపు దించి, ఏమీ అనకుండా దాన్ని నా చేతికిచ్చారు. గులకరాళ్ళ మీద కర్ర ఈడ్చినట్టుంది. అక్కడికి చేరడానికే 13-14 నంబరు గ్రేసీ క్యూరెట్ (ఒక్కో చోటికి ఒక్కో వంపుతో, నంబరుతో వచ్చే రకం) ఉందని నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా.

తెలియవలసింది మన వేలికే కాదు, రోగికి కూడా. గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయన్న భయం మా వైపు పల్లెల్లో ఇంకా బలంగానే ఉంది. చిగురు కిందికి జారి, ఎముక తరిగిన పళ్ళను గారే కట్టుకట్టినట్టు పట్టి ఉంచుతుంది; అది పోగానే ఉన్న కదలిక బయటపడి, సందులు తేలి, చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. ఒక లంక శిబిరానికి వచ్చిన పెద్దాయన, "మా ఇంటావిడకి క్లీనింగ్ చేయించాకే పళ్ళు ఊగాయమ్మాయ్" అని కుర్చీ ఎక్కడానికే తటపటాయించారు. సికిల్‌తో తీసిన గార ముక్కను గాజుగుడ్డ మీద పెట్టి, "తాతగారూ, మీ చిగుళ్ళను తింటున్నది ఇదండీ" అని చూపించాను. ఆయన దాన్ని గోటితో నొక్కి చూసి, "ఇదంతా నా నోట్లోదేనా?" అని, మిగతా సగం కూడా తీసేయమన్నారు. యంత్రమైతే ఆ ముక్కలన్నీ నీటితో కలిసి సక్షన్ గొట్టంలోకి పోతాయి. రోగికి చప్పుడూ నీళ్ళూ తప్ప ఏమీ గుర్తుండవు. పళ్ళను శుభ్రం చేసేవారితో పాటు నోటి పరిశుభ్రతను బోధించేవారిని కూడా 1948 నాటి దంతవైద్యుల చట్టం డెంటల్ హైజినిస్టు అన్నది. ఆ బోధనకు గాజుగుడ్డ మీది ముక్కను మించిన బొమ్మ నాకు దొరకలేదు.

శిబిరంలో కరెంటు పోవడం, సక్షన్ లేకపోవడం మీకూ తెలిసినవే. యంత్రం చిమ్మే తుంపర గాలిలో తేలుతుంది కనుక అంటువ్యాధులున్నవారి విషయంలో జాగ్రత్త అవసరం. అయస్కాంత క్షేత్రంతో కొనను కంపింపజేసే మాగ్నెటోస్ట్రిక్టివ్ రకమైతే పాత పేస్‌మేకర్లున్నవారి దగ్గర వాడే ముందు వైద్యుణ్ణి అడగాలి. సన్నటి పొడిని గాలి, నీటితో చిమ్మే ఎయిర్ పాలిషింగ్ పైపై మరకలకు బాగుంటుంది, గట్టి గారకు పనికిరాదు. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

ఇప్పుడు నేను బరువైన గారను యంత్రంతో దింపి, చిగురు కింది పని క్యూరెట్‌తో ముగిస్తున్నాను. కానీ మొదటి ఆరు నెలలు యంత్రం జోలికి పోవద్దని జూనియర్లకు చెబుతాను. వేలు గరుకును గుర్తుపట్టడం నేర్చుకున్నాక యంత్రం పట్టుకుంటే, ఎక్కడ ఆగి ఎక్స్‌ప్లోరర్‌తో తడిమి చూడాలో తెలుస్తుంది. ముందు యంత్రం పట్టుకున్నవారు కొనను నొక్కిపెట్టడం అలవాటు చేసుకుని, దాన్ని పంటికి దాదాపు సమాంతరంగా ఉంచాలన్న మాట మరిచి, వేరు మీద గీతలు పెడతారు.

ఇక ఏవి కొనాలన్నదానికి: గ్రేసీలలో 5-6, 7-8, 11-12, 13-14 చాలు, వాటితో పాటు నూరే రాయి తప్పనిసరి. మొద్దుబారిన అంచు గారను ఊడదీయకుండా పైపైన నునుపు చేస్తుంది. అలా నునుపైన గార ఆ తరువాత ఎక్స్‌ప్లోరర్‌కు కూడా సరిగా దొరకదు. రోగిని కూర్చోబెట్టే ముందు అంచును ప్లాస్టిక్ పరీక్షా కడ్డీ మీద ఆనించి చూడండి. జారిపోతే మళ్ళీ నూరాలి.