జర్మన్ గిరోకోంటో: ఏళ్ళ తరబడి వాడిన మీదట

జర్మనీకి ఉద్యోగానికో చదువుకో వచ్చినవాళ్ళకి గిరోకోంటో, అంటే రోజువారీ లావాదేవీల బ్యాంకు ఖాతా, లేకుండా పూట గడవదు. జీతం పడేది దీన్లో, అద్దె వెళ్ళేది దీన్లోంచి. డబ్బు దాచుకునే ఖాతా కాదిది, వడ్డీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఒకసారి గాడిన పడ్డాక మాత్రం ఇంత నమ్మకంగా పనిచేసే ఖాతా అరుదు. సతాయించేదల్లా తెరిచే నెలలోనూ, ఫోన్ మార్చిన రోజునా.

ముందు ఇల్లు, తర్వాత అన్‌మెల్డుంగ్ (అడ్రసు నమోదు), ఆ తర్వాతే బ్యాంకు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ ఊరి ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలని చట్టం. దానికి ఓనరు సంతకం పెట్టిన ధ్రువపత్రం కావాలి, అద్దె ఒప్పందం ఒక్కటే చూపిస్తే చాలదు. పాస్‌పోర్టులో జర్మనీ అడ్రసు ఉండదు కాబట్టి ఆ ఆఫీసు ఇచ్చే కాగితమే బ్యాంకుకు రుజువు. పన్ను కోసం వాడే 11 అంకెల స్టొయర్ ఐడీ కొన్ని వారాలకు పోస్టులో వస్తుంది. అది వచ్చేదాకా ఆగక్కర్లేదు, చాలా బ్యాంకులు తర్వాత ఇచ్చినా ఒప్పుకుంటాయి. స్టూడెంట్లు ఇంకా తొందరపడాలి: వీసా కోసం స్పెర్‌కోంటోలో (నెలకింత అని మాత్రమే తీయనిచ్చే ఖాతాలో) వేసిన 11,904 యూరోలు (2024 సెప్టెంబరు నుంచి ఉన్న మొత్తం) నెలకు 992 చొప్పున గిరోకోంటోలోకే వస్తాయి. ఐబాన్ (ఖాతా నంబరు) ఇవ్వందే మొదటి నెల డబ్బు కూడా కదలదు.

గుర్తింపు వీడియో కాల్‌లో అయిపోతే పది నిమిషాల పని. పాస్‌పోర్టును అటూ ఇటూ వంచి మెరుపు చూపించమంటారు, బొటనవేలు ఫొటో మీదికి రాకూడదు. నెట్ తెగితే మళ్ళీ మొదటికి. కొన్ని పాస్‌పోర్టులు వీడియోలో చెల్లవు. అప్పుడు బ్యాంకు పంపిన పోస్ట్‌ఐడెంట్ కూపన్ పట్టుకుని పోస్టాఫీసు కౌంటర్‌కి వెళ్ళాలి. నన్నడిగితే వీలున్నవాళ్ళు మొదటే ఆ దారి పట్టడం మేలు.

అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది పోస్టు డబ్బా దగ్గర. జర్మనీ అపార్ట్‌మెంట్ల అడ్రసులో సాధారణంగా ఫ్లాట్ నంబరు ఉండదు, పోస్ట్‌మ్యాన్ డబ్బా మీది పేరు చూసి ఉత్తరం వేస్తాడు. కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో, వేర్వేరు రోజుల్లో వస్తాయి. డబ్బా మీద మీ పేరు లేకపోతే ఆ కవరు వచ్చినంత దూరమూ వెనక్కి పోతుంది. తెల్ల కాగితం ముక్క మీద పేరు పెద్దక్షరాల్లో రాసి టేపు వేసి అంటించండి. ఇంకొకరి ఫ్లాట్లో గది తీసుకుంటే అప్లికేషన్‌లోనే కేరాఫ్ అని వాళ్ళ పేరు చేర్చాలి.

మన పేర్ల సంగతి వేరే చెప్పాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్‌లోనే ఉన్నవాళ్ళకి, ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఎక్కుతుంది. ఇదివరకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు. 2025 అక్టోబరు 9 నుంచి యూరో దేశాల బ్యాంకులు డబ్బు పంపే ముందు ఐబాన్‌తో పాటు పేరు కూడా సరిపోల్చి చెప్పాలి. తేడా ఉంటే పంపేవాళ్ళకి హెచ్చరిక కనిపిస్తుంది, జీతాలు వేసే విభాగం కంగారు పడుతుంది. ఖాతాలో ఎక్కిన పేరే అక్షరం పొల్లుపోకుండా కంపెనీకీ ఇవ్వండి.

కార్డు విషయంలో చూడాల్సింది ఒక్కటే. జర్మనీ సొంత డెబిట్ కార్డయిన గిరోకార్డ్ ఇస్తున్నారా, వీసా లేదా మాస్టర్‌కార్డ్ డెబిట్టా? చిన్న బేకరీల్లో, కొన్ని ఆఫీసుల్లో గిరోకార్డే నడుస్తుంది. ఆన్‌లైన్ కొనుగోళ్ళకి రెండోదే దిక్కు. రెండూ ఉంటే మంచిది.

నాకు బాగా నచ్చింది లాస్ట్‌ష్రిఫ్ట్, అంటే డైరెక్ట్ డెబిట్. కరెంటు, ఫోను, ఇన్సూరెన్సు వాళ్ళకి ఒకసారి అనుమతిస్తే వాళ్ళే ఖాతాలోంచి తీసుకుంటారు. భయపడాల్సిన పని లేదు: తీసుకున్న రోజు నుంచి ఎనిమిది వారాల్లోపు, కారణం చెప్పకుండా, యాప్‌లోనే వెనక్కి తెప్పించుకోవచ్చు. అసలు అనుమతే ఇవ్వకపోతే గడువు 13 నెలలు. కాకపోతే డబ్బు వెనక్కి వచ్చిందని బిల్లు రద్దు కాదు, న్యాయమైన బాకీ అయితే ఫీజుతో సహా మళ్ళీ అడుగుతారు. ఖాతాలో డబ్బు చాలక డెబిట్ తిరిగొచ్చినా అంతే. అద్దె నెలలో మూడో పనిదినంలోపు చేరాలి, దానికి ప్రతి నెలా తనంతట పోయే డావర్‌ఆఫ్‌ట్రాగ్ పెట్టుకుని, తేదీని జీతం పడ్డాక వచ్చేలా చూసుకోవాలి.

ఇక టాన్ యాప్ (టాన్ అంటే మన ఓటీపీ లాంటిది). ప్రతి బదిలీకీ అనుమతి ఇచ్చేది ఈ యాపే, అది ఒక్క ఫోన్‌కి కట్టి ఉంటుంది. ఫోన్ పోయినా, పాతది చెరిపేసి అమ్మేసినా, చాలా బ్యాంకుల్లో కొత్త యాక్టివేషన్ కోడ్ మళ్ళీ కాగితం మీద పోస్టులోనే రావాలి. అందాకా డబ్బు కళ్ళముందే ఉన్నా కదపలేం. కొత్త ఫోన్‌లో యాప్ పనిచేయడం చూశాకే పాతదాన్ని చెరపండి. సెలవులకి ఇండియా వెళ్ళే ముందు వారంలో అస్సలు ఫోన్ మార్చకండి.

బ్యాంకు ఖాతా ఇవ్వనంటే నిరాశ పడొద్దు. ఈయూలో చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా బాజిస్‌కోంటో (కనీస సౌకర్యాల ఖాతా) అడిగే హక్కు 2016 నుంచి ఉంది. దాని ఫారం విడిగా ఉంటుంది, అదే నింపి ఇవ్వాలి. పది పనిదినాల్లో ఖాతా ఇవ్వాలి, లేదా కాదనడానికి కారణం రాసివ్వాలి. అన్యాయం అనిపిస్తే బ్యాంకులను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ బాఫిన్‌కి వెళ్ళొచ్చు.

దేశం వదిలి వెళ్ళేవాళ్ళు ఖాతాను ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందే మూసేసి చిక్కుల్లో పడతారు. ఇంటి డిపాజిట్ తిరిగి రావడానికి నెలలు పడుతుంది, పన్ను రీఫండూ ఆలస్యమే. హీటింగ్, నీళ్ళ లెక్క పంపడానికి ఓనరుకి ఆ లెక్కల సంవత్సరం ముగిశాక 12 నెలల దాకా గడువుంది. అవన్నీ తేలాకే మూయండి. ఈలోగా కొత్త అడ్రసు బ్యాంకుకి తెలపాలి, పాత సిమ్ బతికించుకోవాలి, స్టేట్‌మెంట్లన్నీ పీడీఎఫ్‌లుగా దించుకోవాలి.